హెడ్‌లైటు చేసిన సైగ

గత శీతాకాలంలో ఒక సాయంత్రం, అస్ర్ నమాజు తరువాత, మా ఖాలాను వెంటబెట్టుకొని సీతమ్మధార వైపు నుండి జాతీయ రహదారి దాటుతున్నాను. గురుద్వారా కూడలి సిగ్నలు దాకా నడిచే ఓపిక లేదని ఆమె అంటే, తప్పని తెలిసీ ఒప్పుకున్నాను. సగం దారి దాటి డివైడర్ మీద నిలబడ్డాము. ఎదుటి వరుసలో వస్తున్న ఒక కారు రెండుసార్లు లైట్లు మెరిపించింది. మాకు దారి ఇస్తున్నాడనుకొని ఖాలా అడుగు కిందికి వేసింది. కారు ఆగలేదు, వేగం తగ్గలేదు. నేను ఆమె మోచేయి పట్టి వెనక్కి లాగాను. చీర కుచ్చిళ్లను గాలి కొట్టుకుంటూ పోయింది.

"లైటేశాడు కదా బేటా, పొమ్మన్నాడనుకున్నాను" అంది ఆమె, ఊపిరి అందక.

ఆ లైటు ఆమెకు వేసినది కాదు. మా వెనుక వరుసలో ఎదురుగా వెళుతున్న వాహనాలకు వేసినది. "ముందు పోలీసులున్నారు, స్పీడ్ గన్ పెట్టారు, నెమ్మదించండి" అని దాని భావం. ఆ కారు అప్పటికే గన్ను దాటి వచ్చింది గనుక ఇక దానికి భయం లేదు. అందుకే వేగం పెంచుకొని వస్తోంది.

ఈ సైగ నాకు కొత్త కాదు. బండి నడిపే వారెవ్వరికీ కొత్త కాదు. మద్దిలపాలెం నుండి వస్తూ నేనూ ఎన్నోసార్లు అందుకున్నాను, ఎన్నోసార్లు అందించాను. ముక్కూ మొహం తెలియని మనిషి మన జేబులోని వెయ్యి రూపాయలు కాపాడాడన్న తృప్తి అందులో ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మితిమీరిన వేగానికి తేలికపాటి వాహనమైతే వెయ్యి నుండి రెండు వేల రూపాయలు, మధ్యతరహా, భారీ వాహనమైతే రెండు వేల నుండి నాలుగు వేల రూపాయలు జరిమానా. ఆటో నడుపుకునే వాడికి అది ఒక పూట కూలి కాదు. కాబట్టి తోటివాడిని హెచ్చరించడం అతనికి పుణ్యంగానే తోస్తుంది. ఆ సానుభూతిని నేను తేలికగా కొట్టివేయలేను.

ఈ ఆచారానికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. బ్రిటన్‌లో ఆటోమొబైల్ అసోసియేషన్ అనే సంఘం 1905లో పుట్టిందే ఇందుకోసం. పోలీసులు పొదల చాటున గడియారం పట్టుకొని కార్ల వేగం లెక్కిస్తుంటే, సంఘం మనుషులు ముందుగా నిలబడి సభ్యులను హెచ్చరించేవారు. అప్పటికే వేగంగా వస్తున్న వారిని అలా తప్పించడం పోలీసు విధికి ఆటంకమేనని 1910లో న్యాయస్థానం తేల్చింది. అప్పుడు సంఘం ఒక చమత్కారం చేసింది. తన గుర్తు తగిలించుకున్న ప్రతి కారుకూ దాని మనిషి సెల్యూట్ చేస్తాడు; చేయకపోతే ఆగి కారణం అడగాలి. చేయని వందనాన్ని నేరమని ఏ న్యాయమూర్తి అంటాడు? అమెరికాలో మరో దారి పట్టారు. లైట్లు మెరిపించి హెచ్చరించడం భావప్రకటనా స్వేచ్ఛ కిందికి వస్తుందని మిస్సోరీలో ఒక ఫెడరల్ న్యాయమూర్తి 2014లో అభిప్రాయపడ్డారు. జర్మనీలో మాత్రం నడిపే మనిషి రాడార్ హెచ్చరిక పరికరం వాడటమే నిషిద్ధం.

మన దేశపు నిబంధన ఈ వాదులాటలో ఎటు నిలబడుతుందో చాలామంది గమనించినట్లు లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 2021 ఆగస్టులో చేరిన 167ఏ నియమం ఎలక్ట్రానిక్ నిఘా గురించి చెబుతుంది. సీసీ కెమెరాతో పాటు స్పీడ్ గన్ కూడా దాని పరిధిలోనిదే. నిఘా ఉన్న చోటికి ముందే, అందరికీ కనబడేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి. పరికరానికి ఏటేటా ధ్రువీకరణ ఉండాలి. ఉల్లంఘన జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపాలి. అంటే హెచ్చరించడం తప్పని చట్టం అనడం లేదు, ఆ పని ప్రభుత్వమే బాహాటంగా చేయాలంటోంది. చెట్టు చాటున నిలబడి ఫొటో తీస్తే, నెలల తరువాత ఫోన్‌లో చలానా చూసుకునే మనిషి తన వేగాన్ని గుర్తు చేసుకోడు. తన మీద వల వేశారనే అనుకుంటాడు. డ్రైవర్ల ఫిర్యాదులో ఈ భాగం న్యాయమైనదే.

దీనికి తోడు రాయితీల వ్యవహారం. పొరుగున తెలంగాణలో పేరుకుపోయిన చలానాలను వసూలు చేయడానికి 2022లో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించారు. అప్పటిదాకా కట్టకుండా కూర్చున్నవాడు తెలివైనవాడయ్యాడు, వెంటనే కట్టినవాడు అమాయకుడయ్యాడు. జరిమానా శిక్షగా కాక బేరంగా మారిన చోట "ఇదంతా డబ్బు కోసమే" అన్న మాటకు జవాబు చెప్పడం కష్టం.

అయినా ఆ సాయంత్రం తరువాత నేను లైటు వేయడం మానుకున్నాను. నా లెక్క ఇది. మెరిసిన లైటు "నెమ్మదిగా వెళ్లు" అనదు, "అక్కడ పోలీసు ఉన్నాడు" అంటుంది. విన్నవాడు మూడు నాలుగు వందల మీటర్లు బుద్ధిగా నడిపి, ఖాకీ చొక్కా దాటగానే పోయిన సమయాన్ని రాబట్టుకుంటాడు. ఆ రాబట్టుకునే చోటే ఎవరో ఒకరి ఖాలా డివైడర్ మీద నిలబడి ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. పది మీటర్ల రోడ్డును వృద్ధురాలు దాటడానికి పది సెకన్లు పడుతుందనుకుంటే, ఆమె అడుగు వేసేటప్పుడు 220 మీటర్ల అవతల చుక్కలా కనిపించే కారు ఆమె అవతలి ఒడ్డు చేరేలోగా అక్కడ ఉంటుంది.

2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వారిలో 71 శాతం మరణాలు అతివేగం వల్ల జరిగినవే. కాలినడకన పోతూ ప్రాణాలు కోల్పోయినవారు 32,825 మంది. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

దారికి దాని హక్కు చెల్లించాలన్న ప్రవక్త (స) బోధ మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తప్పు చేస్తున్న సోదరునికి సహాయమంటే అతని చేయి పట్టి ఆపడమేనన్న బోధ కూడా తెలుసు. లైటు వేసేటప్పుడు నేను ఆపుతున్నది అతని చేతినా, అతనికి రాబోయే చలానానా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. జవాబు ఇబ్బందిగానే వచ్చింది.

ఇక గన్‌తో పని లేని పద్ధతి ఒకటుంది. రెండు చోట్ల కెమెరాలు పెట్టి, మధ్య దూరాన్ని పట్టిన కాలంతో భాగిస్తారు. ఆరు కిలోమీటర్లను గంటకు 60 వేగంతో దాటడానికి ఆరు నిమిషాలు పట్టాలి. నాలుగే నిమిషాలలో చేరినవాడు సగటున 90తో వచ్చాడు. కెమెరా ముందు బ్రేకు తొక్కినా లాభం లేదు, ఎదుటివాడు లైటు వేసినా లాభం లేదు. కూర్మన్నపాలెం నుండి మధురవాడ దాకా ఊరి నడిబొడ్డునే చీల్చుకుపోయే మన రహదారికి ఇదే తగినదని నా అభిప్రాయం. ముందుగా బోర్డు పెట్టి, నోటీసు వేళకు పంపితే వల వేశారనే మాటకు తావుండదు.

లైటు వేయడం మానిన కొత్తలో మా అబ్బాయి ఒకసారి వెనుక సీటు నుండి అడిగాడు, "అబ్బా, అక్కడ పోలీసులున్నారుగా, ఎదురొచ్చే వాళ్లకు చెప్పవా?" అని. చెప్పనన్నాను. కాసేపటికి ఎదురుగా ఇద్దరు కుర్రాళ్లు ఒకే బైకు మీద హెల్మెట్ లేకుండా దూసుకుపోయారు. చేయి మీట మీదకు దానంతటదే వెళ్లింది, వెనక్కి తీసుకున్నాను. వాళ్లు చలానా కట్టి ఉంటారు.

ఖాలా ఇప్పుడు సిగ్నలు దాకా నడుస్తుంది. మోకాళ్లు నొప్పి అంటూనే నడుస్తుంది. ఎర్రదీపం పడి వాహనాలన్నీ ఆగినా, వెంటనే దిగదు. ముందు వరుసలోని చక్రాల వంక చూస్తుంది. అవి నిజంగా ఆగాయని నమ్మకం కలిగాక నా చేయి పట్టుకొని, "ఇప్పుడు పద" అంటుంది.