తెర వెనుక మెట్లు: రంగస్థల వృత్తిలోకి దారి ఎవరికి ఉంది?

నాటకం, నృత్యం, కథాగానం వంటి ప్రదర్శన కళల ప్రస్తావన వచ్చినప్పుడు ప్రతిభ, సాధన, గురువు అనే మూడు మాటలు తరచు వినిపిస్తాయి గానీ, ఆ ప్రతిభ ఉన్న మనిషి ఏ ఇంట పుట్టాడు, సాధన చేసినన్నాళ్లూ తిండి పెట్టిందెవరు, గురువు తన గడప లోపలికి ఎవరిని రానిచ్చాడు అన్న ప్రశ్నలు అంతగా వినిపించవు. ఏ కళ అయినా బతుకుదెరువు కావాలంటే నేర్చుకునే చోటు, తొలి అవకాశం, నిలకడైన రాబడి, వయసు మళ్లాక కూడా చేయగలిగే పని అనే నాలుగు మెట్లు ఒకదాని తరువాత ఒకటి ఉండాలి. ఈ నాలుగింటినీ కలిపి వృత్తి మార్గం అనవచ్చు. కులం వల్ల గానీ, ఆడా మగా అన్న తేడా వల్ల గానీ, వైకల్యం, పేదరికం, భాష వల్ల గానీ ఎవరూ ఏ మెట్టు దగ్గరా ఆగిపోకుండా ఉంటే ఆ మార్గాన్ని సమ్మిళిత మార్గం అంటారు. తెలుగు రంగస్థల చరిత్రను ఈ కోణం నుంచి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది: పాత మేళాల్లో, సమాజాల్లో మెట్లన్నీ ఉండేవి, తలుపు మాత్రం పుట్టుకను బట్టి తెరుచుకునేది, కొత్త సంస్థలు తలుపును అందరికీ తెరిచాయి, లోపలి మెట్లు మాత్రం సగంలోనే ఆగిపోయాయి.

కుటుంబమే కంపెనీ

పాత పద్ధతికి అందరికీ తెలిసిన ఉదాహరణ సురభి నాటక సమాజం. తోలుబొమ్మలాట ఆడుతూ వచ్చిన కుటుంబాలు మనుషుల నాటకానికి మళ్లి, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ‘కీచక వధ’ ప్రదర్శించడంతో ఆ సమాజానికి అంకురార్పణ జరిగింది. స్త్రీ పాత్రలను పురుషులే ధరించడం ఆనవాయితీగా ఉన్న కాలంలో ఈ కుటుంబాల స్త్రీలు తామే ఆ పాత్రలు ధరించి రంగం మీదికి వచ్చారు. సురభిలో పుట్టిన బిడ్డ ఊయలలో ఉండగానే బాలకృష్ణుడిగా తెర ముందుకు వస్తుంది, మాటలు రాగానే లోహితాస్యుడో ప్రహ్లాదుడో అవుతుంది, యౌవనంలో నాయకుడో నాయికో అవుతుంది, గొంతు తగ్గాక హార్మోనియం ముందుకో, రంగులు పూసే పెట్టె దగ్గరికో, తెరలు లాగే తాళ్ల దగ్గరికో చేరుతుంది. యుద్ధ ఘట్టంలో ఎదురెదురుగా దూసుకొచ్చిన బాణాలు నడిమధ్యన ఢీకొని మెరిసినప్పుడు ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లకు అసలు హక్కుదారు, కంటికి ఆనని తీగను పక్కతెర చాటున నిలబడి సరిగ్గా పద్యం చివరి అక్షరం దగ్గర వదిలే మనిషి. అతడు కూడా కళాకారుడే, అతడి పొయ్యి కూడా ఆ రాత్రి వసూలుతోనే వెలుగుతుంది.

పనికిరాని మనిషంటూ ఎవరూ లేకపోవడం ఈ వ్యవస్థ బలం అయితే, ఆ కుటుంబాలలో పుట్టనివారికి అందులో చోటు దాదాపు లేకపోవడం దాని పరిమితి. 1990లలో ప్రసిద్ధ దర్శకుడు బి.వి. కారంత్ హైదరాబాదులో సురభి కళాకారులతో పనిచేసి ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ వంటి నాటకాలు ఆడించినప్పుడు, వారసత్వంగా వచ్చిన నైపుణ్యానికి బయటి చదువు తోడైతే ఎంత సత్తువ వస్తుందో తేటతెల్లమైంది. ఈ కుటుంబాలకు చెందిన రేకందార్ నాగేశ్వరరావు, అంటే జనం ఎరిగిన సురభి బాబ్జీ, 2013లో పద్మశ్రీ అందుకున్నారు.

కూచిపూడి కథ దీనికి తిరగేసిన అద్దం వంటిది. కృష్ణా తీరంలోని ఆ గ్రామంలో కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలకే నాట్యం నేర్పేవారు గనుక సత్యభామ జడ వేసుకునేదీ పురుషుడే. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ పాత్రతోనే దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు నేర్పడానికి పూనుకోవడం, 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించడం ఆ కట్టుబాటును సడలించాయి. నేడు ఈ నాట్యం నేర్చుకునేవారిలో ఎక్కువమంది ఆడపిల్లలే. పుట్టుక అనే గడియ ఊడిన చోట డబ్బు అనే కొత్త గడియ పడింది. గురుదక్షిణ, ఆహార్యం, నగలు, పాడేవారికీ వాయించేవారికీ ఇచ్చే పారితోషికం, హాలు అద్దె అన్నీ కలిపితే రంగప్రవేశం ఖర్చు ఒక చిన్న పెళ్లి ఖర్చుతో పోటీ పడుతుంది కాబట్టి, హైదరాబాదులోనైనా, అమెరికాలోని తెలుగు ఇళ్లలోనైనా ఆ మెట్టు ఎక్కగలిగేది స్తోమత ఉన్న కుటుంబాల పిల్లలే.

తెలంగాణలోని చిందు యక్షగాన కళాకారులది మరో దారి. మాదిగ కులాన్ని ఆశ్రయించి బతికే ఈ కుటుంబాలకు ఏ ఏ ఊళ్లలో ఆడి ప్రతిఫలం అడగవచ్చో నిర్ణయించే మిరాశీ హక్కు, అంటే వంశపారంపర్యంగా వచ్చే హక్కు, ఉండేది. ఈ మేళాల్లో స్త్రీలు ఏనాటి నుంచో వేషం కట్టారు. చిందు ఎల్లమ్మ పేరు ఆ సంప్రదాయానికి గుర్తుగా నిలిచింది. 2024లో చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది గానీ, ఊళ్లు ఇచ్చే గింజలు తగ్గిపోయాక మిరాశీ స్థానంలో మరే నిలకడైన ఏర్పాటూ రాలేదు.

మూసిన చట్టం, తెరిచిన దళం

తలుపులు తెరవడంలో, మూయడంలో చట్టానికీ ఉద్యమానికీ పాత్ర ఉంది. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ చేసిన చట్టం ఒక దురాచారానికి స్వస్తి చెప్పింది. అయితే ఆలయాల్లో, సభల్లో తరతరాలుగా నృత్యాన్ని కాపాడిన కలావంతుల స్త్రీలకు అదే నృత్యంతో గౌరవంగా బతికే మరో దారి మాత్రం చూపలేదు. వారి విద్యలో మిగిలిన దాన్ని పోగుచేసి ఆంధ్రనాట్యం పేరుతో నటరాజ రామకృష్ణ మళ్లీ వేదిక ఎక్కించేనాటికి ఆ స్త్రీలలో చాలామంది వృద్ధులైపోయారు. మనుషులను పక్కకు జరిపి కళను మాత్రమే ఉద్ధరిస్తే జరిగే అన్యాయానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

దీనికి భిన్నంగా 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, కొన్ని కులాల వృత్తిగా ఉన్న జంగం కథను బుర్రకథగా మలిచి, గొంతు, ధైర్యం ఉన్న ఎవరైనా చెప్పగలిగే కళగా మార్చింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులోని పేద దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ ఈ దారిలోనే బుర్రకథకు పర్యాయపదం అయ్యి 1986లో పద్మశ్రీ అందుకున్నారు. మోటూరి ఉదయం వంటివారు స్త్రీల బుర్రకథ దళాన్ని నడిపారు. దళంలో శిక్షణ, తిండి, తిరుగుడు, ప్రదర్శన అన్నీ ఉమ్మడిగా సాగడం వల్ల ఇల్లు గడవని యువతీయువకులకు కూడా అందులో చోటు దొరికింది.

అభిరుచి ఒకరిది, కూలి ఒకరిది

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడిన తరువాత పోటీ నాటకాల సంప్రదాయం ఊరూరా విస్తరించింది. ఈ పరిషత్తు నాటకాల్లో పురుష పాత్రధారులు చాలావరకు పగలు బడిలోనో, బ్యాంకులోనో, ప్రభుత్వ కార్యాలయంలోనో ఉద్యోగం చేసి సాయంత్రం రిహార్సలుకు వచ్చే ఔత్సాహికులు, అంటే నాటకాన్ని బతుకుదెరువుగా కాక ఇష్టంగా చేసేవారు. స్త్రీ పాత్రకు మాత్రం పారితోషికం ఇచ్చి నటిని పిలిపించేవారు. స్థానం నరసింహారావు వంటి పురుషులు సత్యభామగా, చిత్రాంగిగా జనాన్ని మెప్పించిన కాలం గడిచి నటీమణులు వచ్చాక, ఆ రంగం మీద నాటకాన్నే నమ్ముకుని బతికే నిజమైన వృత్తి కళాకారిణి చాలాసార్లు ఆమె ఒక్కతే. అయినా వృత్తికి ఉండవలసిన హంగులేవీ ఆమెకు లేవు: కాగితం మీద ఒప్పందం ఉండదు, రిహార్సలు రోజులకు లెక్క ఉండదు, ప్రసవం వచ్చినా జబ్బు చేసినా ఆ నెల రాబడి ఉండదు, పింఛను ఊసే ఉండదు. పైగా పారితోషికం తీసుకుంటుందన్న కారణంతోనే ఆమెను ఔత్సాహికుడి కంటే ఒక మెట్టు కింద చూసే ధోరణి చాలాకాలం సాగింది. స్త్రీకి అవకాశం ఇవ్వడమూ, స్త్రీకి వృత్తిని ఇవ్వడమూ ఒకటి కావని ఈ అనుభవం చెబుతుంది.

చదువు అనే కొత్త గడప

స్వాతంత్ర్యానంతరం నాటక శిక్షణ విద్యాసంస్థల్లోకి వచ్చింది. 1959లో ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల మొదలైంది; హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరుతో ఉన్న కళా విభాగం, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం రంగస్థల కళల్లో పట్టాలిస్తూ వచ్చాయి. వీటి ద్వారం చట్టం దృష్టిలో అందరికీ తెరిచే ఉంటుంది, రిజర్వేషన్లూ వర్తిస్తాయి. అయితే జాతీయ నాటక పాఠశాల ప్రధాన కోర్సులో చేరడానికి డిగ్రీ, కొన్ని నాటకాల్లో పాల్గొన్న అనుభవం, హిందీ, ఇంగ్లీషు భాషల్లో పరిచయం కావాలి. చేరినవారికి నెలనెలా విద్యార్థి వేతనం అందుతుంది కాబట్టి పేద విద్యార్థికి అది గొప్ప ఆసరా అన్నమాట నిజమే గానీ, ఏళ్ల తరబడి తెల్లవార్లూ వేషం కట్టిన చిందు యువకుడికి డిగ్రీ లేకపోతే ఆ ఆసరా అందదు. బడిలో చదవకుండా పనిలోనే నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి కేంద్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ పథకాల్లో ఇప్పటికే ఉంది. దాన్ని రంగస్థల కోర్సుల ప్రవేశానికి ముడిపెట్టగలిగితే ఈ గడప తగ్గుతుంది.

ఉపకార వేతనాల విషయంలో ఒక మంచి నమూనా ఉంది. సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం, అంటే సి.సి.ఆర్.టి., 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఇచ్చే 650 ఉపకార వేతనాల్లో 125 సంప్రదాయ కళాకారుల కుటుంబాల పిల్లలకు, 100 గిరిజన కళలు నేర్చేవారికి, 20 వికలాంగ బాలలకు ప్రత్యేకించారు. 18 నుంచి 25 ఏళ్ల వారికి నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇచ్చే మరో పథకం కేంద్ర సాంస్కృతిక శాఖకు ఉంది. ఒక పట్నంలో గది అద్దెకే చాలని ఈ మొత్తం ఆ రెండేళ్లతో ఆగిపోగానే, ఇంటి బాధ్యతలున్న యువకళాకారుడు ఏదో ఒక కొలువు వెతుక్కోవడం తప్ప గత్యంతరం ఉండదు.

వేదిక దాకా రాని వాలుదారి

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం కొలువులు కేటాయించింది. వికలాంగ కళాకారులకు వసతులు, ప్రోత్సాహం కల్పించే బాధ్యతను కూడా ప్రభుత్వాల మీద పెట్టింది. అయినా చక్రాల కుర్చీ కోసం కట్టిన వాలుదారి సాధారణంగా ఆడిటోరియం ముఖద్వారం దగ్గర మొదలై ప్రేక్షకుల వరుసల దగ్గర ముగుస్తుంది. మేకప్ గది నుంచి వేదిక మీదికి మాత్రం ఇరుకైన మెట్లే ఉంటాయి. వికలాంగుడు నాటకం చూడడానికి వస్తాడని ఊహించిన కట్టడం, ఆడడానికి వస్తాడని ఊహించలేదన్నమాట.

1981లో ప్రమాదంలో కుడికాలు కోల్పోయి, జైపూర్ పాదం అనే కృత్రిమ పాదంతో 1984లో మళ్లీ వేదికెక్కిన నర్తకి సుధాచంద్రన్ జీవితం ‘మయూరి’ సినిమా ద్వారా తెలుగువారికి సుపరిచితం. ఆ కథలో ఆమె ధైర్యం ఎంత ఉందో, ఆ పాదపు తయారీ అంతే ఉంది: ఒట్టికాళ్లతో నడిచే, బాసింపట్టు వేసి కూర్చునే మనదేశపు మనుషుల అలవాట్లకు తగినట్టు దాన్ని రూపొందించారు గనుకనే అది నాట్యానికి కూడా లొంగింది. చూపులేని నటుడికి వేదిక అంచు దగ్గర పాదానికి తగిలేలా అతికించిన గరుకు పట్టీ, వినికిడి లేని నర్తకికి తాళాన్ని చూపించే దీపపు సైగ, ఎక్కువసేపు నిలబడలేని కళాకారిణికి లైటింగు బల్ల దగ్గర పని నేర్చుకునే అవకాశం వంటివి ఖర్చుతో కూడిన వింతలు కావు. దర్శకుడు రిహార్సలు మొదటి రోజునే ఆలోచిస్తే అమరే ఏర్పాట్లు.

మిగిలిన మెట్లు కట్టడం

పాతదాని నుంచి భరోసాను, కొత్తదాని నుంచి తెరిచిన తలుపును తీసుకుని కలపడమే ముందున్న పని. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ ప్రభుత్వం సాంస్కృతిక సారథి సంస్థను నెలకొల్పి 550 మంది కళాకారులను జీతంమీద నియమించడం, జానపద గాయకుడికి నెల జీతం అసాధ్యమేమీ కాదని నిరూపించింది. ప్రభుత్వ పథకాల ప్రచారమే వారి ప్రధానమైన పని కావడం ఆ నమూనాకున్న హద్దు. ఇటువంటి స్థిర బృందాలు జిల్లా కేంద్రాల్లో స్వతంత్రంగా నాటకాలాడే స్థితికి రావాలి. బడుల్లో నాటకం నేర్పే ఉపాధ్యాయ కొలువులు ఏర్పడాలి. దీపాలు, దుస్తులు, రంగాలంకరణ, వేదిక నిర్వహణ వంటి తెరవెనుక పనులకు జీతంతో కూడిన శిక్షణ ఉండాలి. నటుల కంటే ఈ పనివారి కొరతే పెద్దదని ఏ సమాజ నిర్వాహకుడిని అడిగినా చెబుతాడు.

ఒక నాటక సమాజం నిజంగా అందరిదో కాదో తేల్చుకోవడానికి దాని ఆశయపత్రం చదవనక్కరలేదు. రాత్రి పదకొండు గంటలకు నాటకం ముగిశాక నటి ఇంటికి చేరే ఏర్పాటు ఎవరు చేశారు, రిహార్సలు రోజుల బత్తెం ఎవరెవరికి అందింది, మేకప్ గదికీ వేదికకూ మధ్య ఎన్ని మెట్లున్నాయి, పక్కతెర చాటున తీగ వదిలిన మనిషి పేరు కరపత్రంలో ఉందా లేదా అన్న నాలుగు సంగతులు కనుక్కుంటే చాలు.