అల్బెర్టాలో అనూహ్య విజయము

కెనడా పశ్చిమభాగమున చమురు గనులకు పేరొందిన రాష్ట్రము అల్బెర్టా. అచ్చట 1971 నుండి 44 సంవత్సరములు ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పక్షమే పాలించినది. 2015 మే 5వ తేదీ ఎన్నికలలో, అంతవరకు నాలుగే స్థానములున్న వామపక్షము న్యూ డెమోక్రాటిక్ పార్టీ, రేచల్ నాట్లీ నాయకత్వమున, 87 స్థానములలో 54 గెలుచుకొన్నది.

ఇది ఎట్లు సంభవించినదో వివరింతుము. చమురు ధర పడిపోయి ఖజానా తరుగగా, ప్రభుత్వము పన్నులు పెంచి ప్రజల ఆగ్రహమునకు గురియైనది. అయినను విజేతలకు లభించినవి నూటికి 41 వోట్లే. మితవాదులకు 52 వచ్చినను, అవి రెండు పక్షముల నడుమ చీలినవి. మన దేశమునందువలెనే అచ్చటను నియోజకవర్గమున అందరికంటె ఎక్కువ వోట్లు పొందినవారే గెలుతురు.

ఓడినవారు ఈ పాఠమును మరువలేదు. 2017లో ఆ రెండు పక్షములును ఏకమై, 2019లో అధికారమును తిరిగి చేపట్టినవి. వోట్ల సంఖ్యయే కాక, అవి చీలిన తీరును ప్రభుత్వమును నిర్ణయించునని మనము గ్రహింపవలెను.