నేల హీరోకు, యాస విలన్‌కు

హైదరాబాద్ నుంచి మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు బీజాపూర్ రోడ్డు మీద పోతుంటే రెండు పక్కలా మర్రిచెట్లు కమ్ముకొని కనిపిస్తాయి. వాటి వెనక పొలాలు, తోటలు, ఫామ్‌హౌస్‌లు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడేందుకు 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో భారీ కట్టడాలకు అడ్డం పడింది. నగరం ముంచుకొచ్చినా ఇక్కడ పల్లె చాలావరకు పల్లెలాగే మిగిలింది. ఫిల్మ్‌నగర్‌కు దగ్గర్లో ఇంత పచ్చదనం దొరకడం సినిమా, సీరియల్ యూనిట్లకు కలిసొచ్చింది. తోటలు, ఇళ్లు షూటింగులకు అద్దెకు పోతున్నాయి.

అలా ఇక్కడికి వచ్చే సినిమావాళ్ల నమ్మకాలు చూసేవాళ్లకు వింతగానే ఉంటాయి. పంతులు పెట్టిన ముహూర్తానికే కొబ్బరికాయ కొట్టాలి. తొలి షాట్ దేవుడి పటాల మీద తీయాలి. ఒక పెద్దమనిషి క్లాప్ కొడితే, ఇంకొకరు కెమెరా స్విచాన్ చేస్తారు, మరొకరు గౌరవ దర్శకత్వం వహిస్తారు. మొదటి డైలాగులో అశుభం మాట దొర్లకూడదు. షూటింగ్ పూర్తయిన రోజు గుమ్మడికాయ కొట్టాలి. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి ఒడ్డున ఒక నిద్రగన్నేరు చెట్టుండేది. దాని కింద ఒక్క సీనైనా తీస్తే బొమ్మ ఆడుతుందని నమ్మి దశాబ్దాల పాటు దర్శకులు అక్కడికి వెళ్లారు. 2024 ఆగస్టులో అది కూలిపోతే ఊరూ పరిశ్రమా కలిసి బాధపడ్డాయి.

ఈ సెంటిమెంట్లను తప్పుపట్టాల్సిన పనిలేదు. అప్పులు తెచ్చి కోట్లు పెట్టే చోట మనిషి ఏదో ఒకదాన్ని పట్టుకుంటాడు. అయితే ముహూర్తం దగ్గర చూపే నిష్ఠ మనుషుల దగ్గరికి వచ్చేసరికి నిలవదు. మొయినాబాద్ మండలంలోనే ఉన్న చిలుకూరు బాలాజీ గుడిలో హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. ఎంతటివాడైనా అందరితో పాటే పదకొండు ప్రదక్షిణలు చేయాలి. షూటింగు స్పాట్‌లో ఆ పద్ధతి కనిపించదు. హీరోకు కారవాన్, జూనియర్ ఆర్టిస్టుకు చెట్టు నీడ.

అన్నిటికన్నా లోతైన తేడా భాషలో ఉంది. మద్రాసు నుంచి పరిశ్రమ హైదరాబాద్‌కు తరలింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చాయి. నేల తెలంగాణదే అయినా తెర మీద హీరో మాట్లాడేది మాత్రం కృష్ణా, గుంటూరు వైపు తెలుగే. పెట్టుబడి పెట్టేవాళ్లు, కథలు రాసేవాళ్లు ఎక్కువగా ఆ జిల్లాల నుంచే వచ్చారు. వాళ్ల ఇంటి మాటే సినిమా మాట అయింది.

మరి చేవెళ్ల సంతలో వినిపించే యాస ఎవరి నోట పలికింది? 1985లో వచ్చిన ‘ప్రతిఘటన’లో దుర్మార్గుడైన కాశయ్య పాత్ర ఆ యాసలోనే మాట్లాడుతుంది. ఆ వేషం వేసిన కోట శ్రీనివాసరావుది కృష్ణా జిల్లా కంకిపాడు. తనది కాని యాసను ఆయన పట్టిన తీరు అద్భుతం, అందులో నటుడి తప్పేమీ లేదు. సినిమా ఘనవిజయం సాధించింది. విలన్‌కు, రౌడీకి, నవ్వించే పాత్రకు తెలంగాణ యాస పెట్టడం ఆ తర్వాత రచయితలకు అలవాటుగా స్థిరపడింది. ఇక్కడి పిల్లలు తమ అమ్మానాన్నలు మాట్లాడే మాటను రెండు గంటల సేపు దుర్మార్గుల నోట విని, జనంతో పాటు నవ్వి ఇంటికి వచ్చారు.

ఆ యాస కోస్తా ప్రేక్షకులకు అర్థం కాదనేవారు. విలన్ మాట్లాడితే అర్థమయ్యేది హీరో మాట్లాడితే ఎందుకు అర్థం కాదో ఎవరూ చెప్పలేదు. గౌతమ్ ఘోష్, బి.నర్సింగరావుల ‘మా భూమి’, అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన ‘దాసి’ ఈ మట్టి కథలే. వాటిని పొగిడి, ఆర్ట్ సినిమాలంటూ పక్కన పెట్టారు.

తెలంగాణ వచ్చాక గాలి మారింది. 2017లో ‘ఫిదా’ బాన్సువాడ అమ్మాయిని కథానాయికను చేసింది. తమిళనాడు నుంచి వచ్చిన సాయిపల్లవి ఆ యాస నేర్చుకుని తానే డబ్బింగ్ చెప్పింది. రెండు రాష్ట్రాల్లోనూ జనం ఆ మాటకు మురిసిపోయారు. 2023లో వేణు యెల్దండి తీసిన ‘బలగం’ను ఊళ్లలో తెరలు కట్టి మరీ చూశారు. అర్థం కాదన్న వాదన అక్కడితో వీగిపోయింది.

కూలి దగ్గరా ఇదే తేడా. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం పెంపు కోసం సమ్మెకు దిగారు. పద్దెనిమిది రోజుల తర్వాత, రోజుకు రెండు వేల లోపు వచ్చేవాళ్లకు మూడేళ్లలో కలిపి 22.5 శాతం పెంచేందుకు ఒప్పందం కుదిరింది. పెద్ద హీరో పారితోషికం పెరగాలంటే ఏ షూటింగూ ఆగక్కర్లేదు.

ఆడవాళ్లకు వయసే శత్రువు. 1972లో ‘బడిపంతులు’లో ఎన్టీఆర్‌కు మనవరాలిగా కనిపించిన శ్రీదేవి, 1979 నాటి ‘వేటగాడు’లో ఆయన పక్కనే కథానాయిక. మనవరాలు ఎదిగి వచ్చేసరికి కూడా హీరో హీరోగానే ఉన్నాడు. ఆయన తొలినాటి జోడీలకు మాత్రం అప్పటికే అమ్మ పాత్రలు రాసేశారు.

దీనికంటే బాధాకరమైనది వేధింపుల సంగతి. 2018లో ఒక నటి ఫిల్మ్‌చాంబర్ ముందు నిరసనకు దిగితే మొదట ఆమె మీదే నిషేధం పడింది. గట్టిగా విమర్శలు వచ్చాకే దాన్ని ఎత్తేశారు. ఆ దుమారం తర్వాత 2019లో తెలంగాణ ప్రభుత్వం సబ్‌కమిటీ వేసింది. 2022లో నివేదిక అందింది, కానీ జనం ముందుకు రాలేదు. కేరళలో సినీరంగంలోని ఆడవాళ్ల సమస్యలపై హేమ కమిటీ ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో వెలుగు చూసింది. సెట్లలో ఆడవాళ్లకు మరుగుదొడ్లు కూడా లేవన్న నిజం అందులో ఉంది. అదే నెలలో నటి సమంత తెలంగాణ నివేదికనూ బయటపెట్టాలని ప్రభుత్వాన్ని కోరారు. ఆ నివేదికకు సాక్ష్యం చెప్పిన ఆడవాళ్లు ఇప్పటికీ ఇదే పరిశ్రమలో పని వెతుక్కోవాలి. పేర్లు దాచి, అందులోని విషయాలనైనా ప్రజల ముందు పెట్టడం ప్రభుత్వం చేతిలో ఉన్న పని.