కథ టీచరుకి తెలుసు, నీ మాట చెప్పు

మస్కట్‌లో మన పిల్లలకి లెక్కలకీ సైన్సుకీ ట్యూషన్లు దొరుకుతాయి. "ఒక కథ చదివి దాని మీద వ్యాసం రాసుకురండి" అని టీచరు అంటే మాత్రం ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. నేను చదివింది కంప్యూటర్లు, చేసేది ఐటీ కన్సల్టింగ్. సాహిత్యం నా వృత్తి కాదు. కానీ క్లయింటుకి ఏం కావాలో తేల్చుకోకుండా కోడ్ రాయడం మొదలుపెడితే ఏమవుతుందో బాగా తెలుసు. పిల్లల వ్యాసాల్లో సగం అలాగే ఉంటాయి. మొదటి పేరాలో రచయిత పుట్టిన ఊరు, తర్వాత మూడు పేజీల కథ, చివర "ఇందులో మంచి నీతి ఉంది". టీచరు ఆ కథ ఎప్పుడో చదివేశారు! మళ్ళీ చెప్పించుకోవడానికి వ్యాసం అడగలేదు కదా.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి ఆ మధ్య మాతృభాషలోని ఏదైనా ఒక కథ మీద ఇంగ్లీషులో వ్యాసం రాయమన్నారు. గురజాడ అప్పారావు గారి 'దిద్దుబాటు' తీసుకున్నాం. 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చింది. మన తొలి ఆధునిక కథ అదేనని చాలామంది అంటారు. కాదు, భండారు అచ్చమాంబ గారి 'ధనత్రయోదశి' 1902లోనే వచ్చిందనేవారూ ఉన్నారు. ఆ తగాదా రుచికరమైనదే గానీ, ఈ వ్యాసానికి అక్కర్లేదు. తెలిసిందల్లా రాసేయకపోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

అమ్మాయికి తెలుగు చదవడం నిదానం. అందుకని ఒక శుక్రవారం నేనే పైకి చదివాను. మొదటిసారి చేతిలో పెన్సిల్ ఉండకూడదని షరతు. కథ చిన్నదే. పాట కచేరీలకి అలవాటుపడిన గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. చదువుకున్న భార్య కమలిని కనిపించదు. ఉత్తరం ఒకటి దొరుకుతుంది, పుట్టింటికి వెళ్తున్నానని. పశ్చాత్తాపంతో నౌకరు రాముడి దగ్గర వాపోతాడు. చివరికి మంచం కింది నుంచి నవ్వు, గాజుల చప్పుడు.

రెండోసారి పెన్సిల్‌తో. ఎక్కడ నవ్వొచ్చిందో, ఎక్కడ కోపం వచ్చిందో, ఎక్కడ "ఇదేమిటి?" అనిపించిందో అక్కడ గీత పెట్టమన్నాను. వ్యాసం పుట్టేది ఆ గీతల్లోంచే. భార్యని తీసుకురమ్మని గోపాలరావు రాముణ్ణి పంపబోయే చోట మా అమ్మాయి ఆగింది.

"నాన్నా, తప్పు చేసింది ఈయన కదా? తనే వెళ్ళొచ్చుగా?"

"పని ఉందన్నాడుగా" అన్నాను.

"అదే మరి!" అంది.

గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసే నాన్నలందరికీ ఆ "అదే మరి" కొంచెం గట్టిగానే వినిపిస్తుంది లెండి. అలా ప్రశ్న దొరికింది: గోపాలరావు నిజంగా మారాడా, భార్య కనబడక బెదిరాడా? ఇలా అవునని, కాదని రెండు రకాలుగానూ వాదించగలిగేదే మంచి ప్రశ్న. "గురజాడ గొప్ప రచయితా?" అన్నది ప్రశ్న కాదు, ఎవరు కాదంటారు?

తర్వాత తన జవాబుని ఒకే ఒక్క వాక్యంలో రాయమన్నాను. గంట పట్టింది. వ్యాసం మొత్తంలో కష్టమైన వాక్యం అదే, తొందరపెట్టకండి. "గోపాలరావు పశ్చాత్తాపం నిజమే, కానీ అది ఇంకా మాటల్లోనే ఉంది" అని తేల్చింది. ఇక ఆధారాలు. అవి కథలోంచే రావాలి, మన ఊహల్లోంచి కాదు. స్త్రీవిద్య గొప్పదని రాముడికి ఉపన్యాసం ఇచ్చే ఆ మనిషే, కోపం వస్తే అదే రాముణ్ణి కొడతాడు, వెంటనే నొచ్చుకుంటాడు. ఉత్తరంలో తనని సంబోధించిన తీరు మారిందని గమనిస్తాడు, అంటే ప్రేమ ఉంది. అయినా స్వయంగా బయలుదేరడు. మర్నాడు ఏం జరిగిందో చూపకుండానే కథ ఆగిపోతుంది.

నాకైతే గోపాలరావు మారాడనే అనిపిస్తుంది. అమ్మాయి ఒప్పుకోలేదు. నా వాదన కూడా ఒక పేరాలో పెట్టి, దానికి జవాబు రాయమన్నాను. ఎదుటివారి మాటని న్యాయంగా చెప్పి ఆపైన కాదనడంతో ఆ వ్యాసానికి బలం వచ్చింది.

పై తరగతుల పిల్లలు మనం ఉంటున్న దేశం పుస్తకాన్నీ ఇలాగే చదవచ్చు. ఒమాన్ రచయిత్రి జోఖా అల్ హార్తీ నవల అరబిక్‌లో 2010లో వచ్చింది. మెరిలిన్ బూత్ ఇంగ్లీషు అనువాదం 'సెలెస్టియల్ బాడీస్'కి 2019లో మ్యాన్ బుకర్ అంతర్జాతీయ బహుమతి దక్కింది. అందులో మయ్యా అనే తల్లి కూతురికి లండన్ అని పేరు పెడుతుంది. ఒమాన్ పల్లె కుటుంబంలోని పిల్లకి ఆ పేరేమిటి? ఇదిగో, ఇంకో వ్యాసానికి ప్రశ్న సిద్ధం.

చాట్‌జీపీటీని అడిగితే అర నిమిషంలో వ్యాసం వస్తుంది. నా వృత్తే అది కాబట్టి చెబుతున్నాను, కథలో లేని సంఘటనలు కూడా అది చక్కని భాషలో రాసిపెట్టగలదు. "అదే మరి!" అని మా అమ్మాయి ఆగిన చోటు దానికి తెలియదు.

మొదలూ ముగింపూ చివర్లో రాసుకోవచ్చు. పూర్తయ్యాక ఒక రాత్రి పక్కన పెట్టి, తెల్లారి పైకి చదివించండి. నాలుక తడబడిన చోట వాక్యం విరగ్గొడితే చాలు. అప్పుడు మాత్రం పెన్సిల్ పిల్లల చేతిలోనే ఉండనివ్వండి. వినడమే మన పని, అదీ ఫోను పక్కన పెట్టి.