మీకు తెలుసా? ఆనెసీ నుంచి బరంపురం దాకా వచ్చిన జవాబు

1517లో మార్టిన్ లూథర్ లేవదీసిన ప్రశ్నలతో పడమటి క్రైస్తవం రెండుగా చీలిందని బడిలో చదువుకున్నాం. దానికి రోము చెప్పిన జవాబు అనగానే ఇన్‌క్విజిషన్, నిషిద్ధ పుస్తకాల జాబితా, మతయుద్ధాలు గుర్తొస్తాయి. అవన్నీ జరిగినవే. కానీ ఆ జవాబులో మరో పాయ కూడా ఉంది. అది మన గంజాం దాకా వచ్చింది. బరంపురం గోసాని నువాగాంలో ఉంటున్న మనకు దాని ఆనవాళ్ళు కనిపిస్తూనే ఉంటాయి, ఎక్కణ్ణుంచి వచ్చాయని మాత్రం ఎవరూ అడగరు.

బరంపురంలో డీపాల్ స్కూలు, సెయింట్ విన్సెంట్స్ కాన్వెంటు ఒకే మనిషి పేరు మీద ఉన్నాయని తెలుసా?

ఆయన విన్సెంట్ డీ పాల్ (1581–1660), ఫ్రాన్సు దేశపు కేథలిక్ గురువు. పల్లెల్లో జనానికి మతబోధ లేదు, బోధించాల్సిన గురువుల్లో చాలామందికి చదువు లేదు. ప్రొటెస్టెంట్లు వేలెత్తి చూపింది ఈ లోపాన్నే. ట్రెంట్ మహాసభ (1545–1563) ప్రతి మేత్రాసనంలోనూ ఒక గురువిద్యాలయం పెట్టాలని 1563లో తీర్మానించింది. అయితే ఫ్రాన్సులో అది ఏళ్ళ తరబడి కాగితం మీదే ఉండిపోయింది. విన్సెంట్ 1625లో స్థాపించిన సభ రెండు పనులు నెత్తికెత్తుకుంది: పల్లెలకు పోయి బోధించడం, గురువులకు తర్ఫీదు ఇవ్వడం. ఎదుటివాడితో వాదానికి దిగేముందు తన ఇల్లు చక్కబెట్టుకోవడం అన్నమాట. రోము ఇచ్చిన జవాబులన్నిటిలో నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించేది ఇదే.

కరపత్రాలను తలుపు సందుల్లోంచి ఇళ్ళలోకి తోసిన పునీతుడి సంగతి విన్నారా?

విన్సెంట్‌కు ఒక పెద్ద స్నేహితుడుండేవాడు, సవాయ్ దేశస్థుడు ఫ్రాన్సిస్ డీ సేల్స్ (1567–1622). ఆల్ప్స్ కొండల పక్కనున్న షాబ్లే ప్రాంతం 1536లో ప్రొటెస్టెంట్ బెర్న్ చేతికి చిక్కింది. తర్వాత మళ్ళీ సవాయ్‌కి వచ్చినా, జనం మాత్రం కొత్త మతంలోనే ఉండిపోయారు. 1594లో ఫ్రాన్సిస్ అక్కడి తొనోన్ పట్నానికి వెళ్ళాడు. ఆయన ప్రసంగం వినడానికి మనుషులు రాలేదు. వస్తే ఊళ్ళో మాట పడాలి. దాంతో చెప్పదలచుకున్నదంతా కాగితాల మీద రాసి ప్రతులు తీయించాడు. కొన్నింటిని గోడలకు అంటించాడు, కొన్నింటిని తలుపుల కింది సందుల్లోంచి లోపలికి తోశాడు. గుడికి రానివాళ్ళు ఇంట్లో కూర్చుని చదువుకున్నారు. ఎవరూ చూడరు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఆ కాగితాలు ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు, 1672లో పుస్తకంగా అచ్చయ్యాయి.

కథ అక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. 1598లో సవాయ్ డ్యూక్ స్వయంగా తొనోన్ వచ్చాడు. మతం మారనంటే దేశం వదలాల్సిందేనన్న పరిస్థితి వచ్చింది. షాబ్లే తిరిగి కేథలిక్ కావడంలో కరపత్రాలతో పాటు రాజదండం పాలూ ఉంది. ఈ రెండోది దాచి మొదటిదాన్ని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

జెనీవా బిషప్పు జెనీవాలో కాపురం పెట్టలేకపోయాడు. ఫ్రాన్సిస్ 1602లో జెనీవా బిషప్పు అయ్యాడు. ఆ ఊరేమో ప్రొటెస్టెంట్ నాయకుడు కాల్విన్ అనుచరులది. అందుకని పీఠం ఆనెసీలో నడిచింది. అంతకుముందు 1597లో, కాల్విన్ వారసుడు థియొడోర్ బేజాను జెనీవాలోనే ఆయన కలిసి మాట్లాడాడు. బేజాకు అప్పటికి డెబ్బై ఏళ్ళు దాటాయి. బేజా మతం మారలేదు.

ఇక మన విశాఖ, గంజాం వైపు ప్రొటెస్టెంట్లే ముందొచ్చారు.

లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెగ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. వాళ్ళ తెలుగు సువార్త అనువాదంలో చేయి వేసిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు మొదట కేథలిక్ గురువుల దగ్గర బోధ విన్నవాడు, ఆ తర్వాత లూథరన్లలో చేరినవాడు. యూరప్ తగవు ఒక్క తెలుగు అనువాదకుడి జీవితంలో అలా అడుగుపెట్టింది. ఆ అనువాదం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది.

బరంపురం సంగతి మనవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సింది. 1822లో కటకం వచ్చిన ఇంగ్లీషు బాప్టిస్టులు ఇక్కడా పని మొదలుపెట్టారు. 1827 క్రిస్మస్ నాడు బరంపురంలో బాంప్టన్ దొర చేతి మీదుగా వాళ్ళ మిషన్‌లో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్నవాడు ఎరున్ అనే తెలుగువాడు. ఒడియా మిషన్‌కు తొలి విశ్వాసి మన భాష మనిషి! కొండల్లో మెరియా అనే నరబలి నుంచి విడిపించిన పిల్లల్లో కొందరిని పెంచే బాధ్యత కూడా సర్కారు ఈ బాప్టిస్టులకే అప్పగించింది.

కేథలిక్కులు ఎప్పుడొచ్చారు? 1838లో ఆనెసీలోనే, ఫ్రాన్సిస్ డీ సేల్స్ పేరు మీదే, మెర్మియే అనే గురువు ఒక సభ పెట్టారు. ఆ సభవాళ్ళు 1846లో విశాఖపట్నంలో దిగారు. ఆ మరుసటి ఏడే సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. వాళ్ళ మిషన్ పరిధి గంజాం దాకా ఉండేది. 1936 వరకు మనదీ మద్రాసు రాజధానే కదా. సొరడా ఈ జిల్లాలో వాళ్ళ పాత కేంద్రం. ఒకప్పుడు కాల్విన్ అనుచరులకు జవాబు రాసిన బిషప్పు ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ బాప్టిస్టుల పక్కనే బళ్ళు పెట్టుకున్నారు.

స్నేహితుడి పొలం స్నేహితుడి వాళ్ళకే దక్కింది. 1922లో గంజాం మిషన్ పని స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ సభ గురువుల చేతికి మారింది. ఫ్రాన్సిస్ డీ సేల్స్ కన్నుమూసి అప్పటికి సుమారు మూడువందల ఏళ్ళు. ఆయన తాను స్థాపించిన మఠకన్యల పారిస్ మఠాన్ని బతికుండగానే విన్సెంట్‌కు అప్పగించాడు. ఆయనకు పునీత పట్టం కోసం జరిగిన విచారణలో విన్సెంట్ సాక్ష్యం చెప్పాడు.

మరో రెండు ముక్కలు. ఆ తలుపు సందు కాగితాల పుణ్యాన 1923లో పదకొండో పయస్ పోపు ఫ్రాన్సిస్‌ను రచయితలకు, పత్రికలవాళ్ళకు పాలక పునీతుడిగా ప్రకటించారు. ఇక బరంపురం మేత్రాసనం ఏర్పడింది 1974 జనవరి 24న. అది ఫ్రాన్సిస్ డీ సేల్స్ పండుగ రోజు. ఏటా జనవరి 18 నుంచి 25 వరకు కేథలిక్కులు, ప్రొటెస్టెంట్లు క్రైస్తవ ఐక్యత కోసం ప్రార్థన చేసే వారంలోనే ఆ పండుగ వస్తుంది.