సుఖవ్యాధి భయము – కాలనియమము

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్ సర్వీసు పరీక్షలకు చదువు తెలుగు యువకులు అనేకులు గలరు. వారిలో నొకడు నిరోధ్ వాడక సంభోగించి, వ్యాధి సోకెనేమోయని నిద్ర మానినచో చేయవలసిన దేమి? చదువునకు వలెనే దీనికిని కాలనియమము గలదు.

హెచ్.ఐ.వి. సోకు నవకాశము ఉన్నచో 72 గంటలు దాటకుండ వైద్యుని చూడవలెను. అవసరమైనచో 28 దినములు నివారణౌషధము నిత్తురు. ఎంత త్వరగా ప్రారంభించిన నంత మేలు.

మరునాటి రక్తపరీక్షలో దోషము కనబడనంత మాత్రమున నిశ్చింత తగదు. సిఫిలిస్ పుండు సాధారణముగా మూడు వారములకు గాని పైకి రాదు. కావున వైద్యుడు చెప్పిన గడువున మరల పరీక్ష చేయించుకొనవలెను. అంతవరకు నిరోధ్ విడువరాదు. సిఫిలిస్, గనోరియా తగిన చికిత్సచే నయమగును. సొంతముగా మందులు కొని మ్రింగరాదు.

ప్రభుత్వాసుపత్రులలోని సురక్షా క్లినిక్కులలో చికిత్స ఉచితము. హెచ్.ఐ.వి. పరీక్షాఫలితమును రహస్యముగా నుంచవలెనని 2017వ సంవత్సరపు చట్టము విధించినది. సందేహము తీర్చుకొనుటకు 1097 నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును. సిగ్గుచే గడువు దాటనీయకుడు.