మీకు తెలుసా? స్వర్ణముఖి ఎగువన గుడ్డ మీద రామాయణం

● వాకాడు దగ్గర సముద్రంలో కలిసే స్వర్ణముఖి మన చిల్లకూరు వైపు వాళ్లకు కొత్త కాదు. ఆ ఏటికి ఎగువన, శ్రీకాళహస్తిలో, రామాయణ భారతాలకు గుడ్డ మీద బొమ్మలు గీసే కలంకారీ చిత్రకారులున్నారు. వాళ్లలో జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బడిపంతులుగానూ పనిచేశారు. తండ్రి లక్ష్మయ్యదీ ఇదే పని.

● ఈ బొమ్మలకు కుంచె ఉండదు. వెదురుపుల్ల కొన చెక్కి, పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఉన్ని రంగును పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే కొనకు దిగుతుంది.

● నలుపు పుట్టేది ఇనుములోంచి. తుప్పు పట్టిన ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడతారు. కరక్కాయ, గేదెపాలు కలిపి తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ నీళ్లు పడగానే కరక్కాయ వగరు తగిలి గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు దాన్ని పక్కకు పాకనివ్వదు. ఒకసారి పడిన గీతను చెరపలేం కాబట్టి ముందుగా చింతపుల్ల బొగ్గుతో ఆనవాలు గీసుకుంటారు.

● ఎరుపు ఇంకా చిత్రం. కలంతో పూసేది పటిక నీళ్లే. తర్వాత చెక్కలూ వేళ్లూ వేసిన రంగునీళ్లలో గుడ్డను ఉడికిస్తే, పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. అంటే ఇంకా రాని రంగును మనసులో చూసుకుంటూ గీయాలి. ఈ విద్యలో నేను అన్నిటికన్నా మిన్నగా తలచేది ఇదే.

● ఉతకడం పారే నీళ్లలోనే. నిలవ నీళ్లలోనైతే వదిలిన రంగు మళ్లీ గుడ్డకే అంటుతుంది. ఈ కళ ఏటి ఒడ్డున పెరగడానికి అదొక కారణం.

● మధ్యలో పెద్ద బొమ్మ, చుట్టూ వరసలుగా కథ, దాని వెంట తెలుగు అక్షరాలు. చదువు రానివాళ్లకు బొమ్మ, వచ్చినవాళ్లకు రాత.

● మన పక్కనున్న పులికాట్‌లో 1600లలో డచ్చి వర్తకులు రంగుల గుడ్డలు కొని ఓడలకెక్కించేవాళ్లు. అలాంటి భారతీయ వస్త్రాల మోజు తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. 1759 దాకా ఎత్తలేదు.

● 1950ల నాటికి కాళహస్తిలో ఈ పని దాదాపు ఆగిపోయింది. చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పట్టుదలతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది.

● బజారులో కలంకారీ అని అమ్మే చీరల్లో అచ్చు వేసినవే ఎక్కువ. చేత్తో గీసిందైతే పక్కపక్కనున్న రెండు పూలు కూడా అచ్చం ఒకేలా ఉండవు, గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా సాగుతుంది. కొనేముందు అది చూడండి.